24 చదరపు అడుగుల ప్రయోగశాల

మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించో, పెన్షన్ నిబంధనల గురించో రాయగలవారు చాలామంది ఉన్నారు. చరిత్ర వంతు నాకు వచ్చింది. రాజుల చరిత్ర కాదు, ఒక గది చరిత్ర రాస్తున్నాను. జీతం, ఎరియర్సు, శాంక్షను ఫైలు కూడా ఇందులో ఉన్నాయి కనుక మనవారికి పరాయిగా తోచదని నమ్మకం.

దూరదర్శన్ తొలి రోజులు మనందరికీ జ్ఞాపకమే. డాబా మీద ఒకరు యాంటెన్నా గొట్టం తిప్పుతుంటే కిటికీ దగ్గర ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడేవాళ్ళం. "వచ్చిందా?" "వచ్చింది... ఆగండి, మళ్ళీ పోయింది!" పక్కన ఎత్తయిన మేడ లేచిందంటే మరీ అవస్థ. వార్తలు చదివే ఆవిడ పక్కనే పలచగా ఇంకో ఆవిడ కనిపించేది. సిగ్నలు నేరుగా ఒకసారి, మేడ గోడకు తగిలి కాస్త ఆలస్యంగా ఇంకోసారి రావడమే దానికి కారణం. తెర మీద మనకు అది చిరాకు మాత్రమే. యాంటెన్నాను కొలవాలని కూర్చున్న శాస్త్రజ్ఞుడికి మాత్రం గోడ నుంచి వచ్చే ఆ రెండో సిగ్నలే అసలు శత్రువు.

యాంటెన్నాను కొలవడం అంటే పొడవు వెడల్పులు చూడడం కాదు. టార్చిలైటు వెలుగు ముందుకు ఎక్కువగా, పక్కలకు తక్కువగా పడినట్టే యాంటెన్నా కూడా ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క మోతాదులో తరంగాలను పంపుతుంది. దాన్ని తిరిగే బల్ల మీద నిలిపి, ఒక్కొక్క డిగ్రీ తిప్పుతూ, దూరంగా ఉన్న ఇంకో యాంటెన్నాలో ఎంత అందుతోందో రాసుకోవాలి. ఆ రాసుకున్నది నిజం కావాలంటే నేరుగా వచ్చినదే అందాలి. గోడ, నేల, ఇంటికప్పు, పక్కన నిలబడ్డ మనిషి ఎవరూ తమ వంతు కలపకూడదు. చెప్పడానికి ఇంతే. దీని కోసం ప్రపంచం నూట ముప్పై ఏళ్ళకు పైగా తంటాలు పడుతోంది.

ఆ తంటా మొదట పడినవాడు రేడియో తరంగాలను మొదట రుజువు చేసినవాడే. జర్మనీలో కార్ల్‌స్రూహె పట్టణంలో హైన్రిక్ హెర్ట్జ్ అనే యువ ఆచార్యుడు 1886–88 మధ్య ఈ ప్రయోగాలు చేశాడు. ఆయనకు దొరికిన చోటు విద్యార్థులకు పాఠాలు చెప్పే హాలు. పొడవు 15 మీటర్లు, వెడల్పు 14, ఎత్తు 6. వినడానికి పెద్దదే. అయితే రెండు పక్కలా ఇనుప స్తంభాల వరుసలు ఉండేవి. ఆ వరుసలు తరంగాలకు గోడలే కనుక వాటి అవతలి జాగా లెక్కలోకి రాలేదు. మిగిలింది ఎనిమిదిన్నర మీటర్ల వెడల్పు. ఆ జాగాలో వేలాడే గ్యాసు గొట్టాలు, దీపపు గుత్తులు అన్నీ విప్పించి బయట పెట్టించాడు.

అంత చేసినా గది ఊరుకోలేదు. తీగ వెంట పోయే తరంగానికీ గాలిలో పోయే తరంగానికీ వేగం ఒకటే ఉండాలని సిద్ధాంతం. హెర్ట్జ్ కొలిస్తే పొడవాటి తరంగాలకు తేడా వచ్చింది. సిద్ధాంతం తప్పా, గది తప్పా? గోడల వల్లే ఇలా జరిగి ఉండవచ్చని ఆయనకే అనుమానం. చివరకు జెనీవాలో సరసీన్, డి లా రీవ్ అనే ఇద్దరు 1893లో రోన్ నది నీటిశక్తి కేంద్రంలోని పెద్ద హాలులో అదే ప్రయోగం చేశారు. వేగాలు సమానంగా వచ్చాయి! యాంటెన్నా కొలతల చరిత్రలో ఇది మొదటి పాఠం అని నా ఉద్దేశం. చిన్న గది పెద్ద శాస్త్రజ్ఞుడి చేత కూడా తప్పు అంకె రాయించగలదు.

హెర్ట్జ్ దీనికి ఇంకో దారి కూడా చూశాడు. గదిని పెంచలేకపోతే తరంగాన్ని తగ్గించడం. 66 సెంటీమీటర్ల తరంగాలు పుట్టించి, రెండు మీటర్ల ఎత్తున్న జింకు రేకు అద్దాలతో వాటిని దారిలో పెట్టాడు. అవి కాంతిలాగే వంగుతాయని చూపడానికి తారుతో పోసిన పట్టకం సుమారు 600 కిలోలు తూగింది. ఆ పనిని ఇంకా ముందుకు తీసుకుపోయేలోపే, 1894 జనవరి 1న, 36 ఏళ్ళకే కన్నుమూశాడు. అదే సంవత్సరం నవంబరు 30న కలకత్తాలో ఇంకొక ఆచార్యుడు తన 36వ పుట్టినరోజున ఇదే పనికి పూనుకున్నాడు. ఆయనే జగదీశ చంద్ర బోసు గారు.

బోసు గారు మొక్కలకు ప్రాణం ఉందని చెప్పారని మనం చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. అంతకు ముందు ఆయన చేసిన పని గురించి ఆ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ. ముందుగా ఆయన సర్వీసు సంగతి చెబుతాను, మనకు అదే బాగా పడుతుంది.

1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించే పోస్టులో చేరారు. అప్పటి రూలు ప్రకారం అదే పనికి యూరోపియనుకు ఇచ్చే జీతంలో భారతీయుడికి మూడింట రెండు వంతులే. పైగా ఈయనది తాత్కాలికపు పోస్టు కనుక అందులోనూ సగం కోత. అంటే చేతికి వచ్చేది మూడో వంతు. బోసు గారు ఏం చేశారు? ఒక్క రోజు కూడా పాఠం మానలేదు. నెల నెలా వచ్చే చెక్కు మాత్రం ముట్టుకోలేదు. అలా మూడేళ్ళు! మన సర్వీసులో పెన్‌డౌన్ చూశాం, మాస్ క్యాజువల్ లీవు చూశాం. పని పూర్తిగా చేస్తూ జీతం మానేసే సమ్మె నేనైతే ఎక్కడా చూడలేదు. ఇంట్లో ఏమైనా కలిమి ఉందా అంటే, అదీ లేదు. తండ్రి భగవాన్ చంద్ర గారు డిప్యూటీ మేజిస్ట్రేటుగా చేసినా, ప్రజల కోసం తలపెట్టిన పనుల్లో నష్టపోయి అప్పుల్లో ఉన్నారు. 1887లో అబలా దేవి గారిని పెళ్ళి చేసుకున్నదీ ఈ జీతం లేని రోజుల్లోనే.

మూడేళ్ళకు ప్రిన్సిపాలు టానీ గారు, విద్యాశాఖ డైరెక్టరు క్రాఫ్ట్ గారు దిగివచ్చారు. పోస్టు పర్మనెంటు అయింది. చేరిన తేదీ నుంచే వర్తించేలా పూర్తి జీతం, మూడేళ్ళ ఎరియర్సు ఒకేసారి చేతికి వచ్చాయి. ఆ డబ్బు తండ్రి అప్పులకు పోయింది. ఎరియర్సు వచ్చిన రోజే ఖర్చయిపోవడం మనకూ అనుభవమే గదా.

ఇక ప్రయోగశాల. కాలేజీలో పరిశోధన కోసం ఆయనకు దొరికిన చోటు స్నానాల గదిని ఆనుకొని ఉన్న 24 చదరపు అడుగుల జాగా. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు అనుకోండి. నవ్వారు మంచం వేస్తే మనిషి నిలబడడానికి చోటుండదు. హెర్ట్జ్‌కు 15 మీటర్ల హాలే చాలలేదు. మరి ఇక్కడ ఎలా? పరికరాలు చేసిపెట్టడానికి దొరికిన మనిషి రేకు పనివాడు. బోసు గారే దగ్గరుండి అతనికి పని నేర్పుకున్నారు.

బోసు గారు తరంగాన్నే గదికి సరిపెట్టారు. హెర్ట్జ్ 66 సెంటీమీటర్ల దగ్గర ఆగితే ఈయన 25 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా దించారు. 5 మిల్లీమీటర్లంటే ఇప్పటి లెక్కలో 60 గిగాహెర్ట్జ్. తరంగం చిన్నదైతే దాన్ని పంపే కొమ్మూ, అందుకునే గరాటూ, మధ్యలో పెట్టే కటకాలూ, పట్టకాలూ అన్నీ చిన్నవే అవుతాయి. హెర్ట్జ్‌కు 600 కిలోల తారు పట్టకం కావలసిన చోట ఈయనకు బల్ల మీద పట్టే పట్టకం సరిపోయింది. తరంగాలు పుట్టించే పెట్టె మొత్తం ఎత్తు 7 అంగుళాలు, పొడవు 6, వెడల్పు 4. మన మరచెంబు పక్కన పెట్టవచ్చు.

ఆ పెట్టె కట్టిన తీరు చూడాలి. దానికి లోహపు గోడలు, అవీ రెండు పొరలుగా. తరంగం ఒక్క గొట్టం గుండా తప్ప ఇంకెటూ బయటికి రాకూడదు. గది గోడలతో తగవు పెట్టుకునే బదులు, గోడ దాకా తరంగం పోకుండా మూలంలోనే కట్టడి చేశారన్నమాట. ఎదుట డిగ్రీలు గీసిన గుండ్రటి బల్ల, దాని మీద తిరిగే చేయి, చేయి చివర అందుకునే పరికరం. ఇవాళ లక్షలు పోసి కట్టే యాంటెన్నా ప్రయోగశాలలో ఉండే ముఖ్యాంగాలన్నీ అక్కడ ఉన్నాయి. ఒక దిక్కుకే పంపే కొమ్ము ఉంది, తిరిగే బల్ల ఉంది, అనవసరపు తరంగాన్ని ఆపే కట్టడి ఉంది. తరంగాల మోతాదు తగ్గించి పెంచేందుకు రెండు పట్టకాలను దగ్గరకీ దూరానికీ జరిపే ఏర్పాటు కూడా చేసుకున్నారు. ఆయన వాడిన గరాటు ఆకారమే తర్వాత హార్న్ యాంటెన్నా అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. మన ఇంట్లో కిరసనాయిలు పోసుకునే గరాటుకు ఇంత చరిత్ర ఉంటుందని ఎవరనుకున్నారు?

తరంగం ఏ వాటంలో ఊగుతోందో తేల్చే సాధనాలైతే మరీ ముచ్చట. బ్రాడ్‌షా వారి రైల్వే టైమ్‌టేబులు పుస్తకం తీసుకొని పేజీల మధ్య తగరపు రేకులు పెట్టారు. సాధనం తయారు! ఒక వెంట్రుకల కుచ్చుతో కూడా ఇలాంటి పనే చేయించారు. పురి తిప్పిన జనుము కట్టలను దారిలో పెట్టి, పురి ఎటు ఉంటే తరంగపు ఊగుడు అటు తిరుగుతుందని చూపారు. చక్కెర నీళ్ళలో కాంతి తిరిగే వైనాన్ని జనుము చేత చెప్పించారన్నమాట. బెంగాలులో జనుముకు కరువా?

1895లో కలకత్తా టౌన్‌హాలులో గోడల అవతలి నుంచి తరంగాలు పంపి గంట మోగించారు, తుపాకి మందు అంటించారు. అదే ఏడాది మే నెలలో ఏషియాటిక్ సొసైటీలో తొలి పరిశోధన పత్రం చదివారు. మరుసటి ఏడు లండను విశ్వవిద్యాలయం డాక్టరు పట్టం ఇచ్చింది. 1897 జనవరి 29న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో శుక్రవారపు ఉపన్యాసం ఇచ్చారు. సభలో చూపినవన్నీ కలకత్తా రేకు పనివాడి చేతి మీదుగా వచ్చినవే.

ఆ ఉపన్యాసం తర్వాత కెల్విన్, లిస్టర్ వంటి మహామహులు భారత వ్యవహారాల మంత్రికి ఒక అర్జీ పెట్టుకున్నారు. ఇంతటి మనిషికి ప్రెసిడెన్సీ కాలేజీలో సరైన ప్రయోగశాల కట్టించండి అని. అర్జీ పెట్టింది 1897లో. ఇక్కడి నుంచి కథ మనకు కంఠోపాఠమే. లండను నుంచి కలకత్తాకు, కలకత్తా నుంచి సిమ్లాకు, అంచనాలు, అభిప్రాయాలు, "పరిశీలనలో ఉన్నది". ఆ కాలేజీలో కొత్త ప్రయోగశాలల భవనం తెరిచింది 1913లో. బోసు గారు ఉద్యోగ విరమణ చేసింది 1915లో! చిన్న తరంగాల పని అప్పటికి ఎప్పుడో ముగించి మొక్కల వైపు వెళ్ళిపోయారు. ఫైలు ఆలస్యమైతే బిల్లు ఆగుతుందని మనకు తెలుసు. ఇక్కడ ఒక శాస్త్రం ఆగింది. అటు వైపు కూర్చుని నోటు రాసినవాడి బాధ కూడా నాకు తెలుసు కాబట్టి ఇంతకన్నా అనను.

ప్రభుత్వం చివరలో ఒక మంచి పని చేసింది. విరమణ తర్వాత పూర్తి జీతంతో ఎమెరిటస్ ఆచార్యుడిగా ఉంచింది. 1917 నవంబరు 30న, మళ్ళీ పుట్టినరోజునే, ఆయన సొంత సంస్థ తెరుచుకుంది. ఆ పాత పరికరాలు అక్కడే భద్రంగా ఉన్నాయి. ఆయన గెలీనా స్ఫటికంతో చేసిన గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ పేటెంటు పట్టుబట్టి తీయించింది సారా బుల్ అనే స్నేహితురాలు. ఆయనకు పేటెంట్ల మీద మనసే లేదు. సెమీకండక్టరు స్ఫటికంతో రేడియో తరంగాలను పట్టిన మొదటివాడు బోసే అని ట్రాన్సిస్టరు కనిపెట్టినవారిలో ఒకరైన బ్రాటెయిన్, సహచరుడు పియర్సన్‌తో కలిసి 1955లో రాశారు. 2012లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. ఆ ప్రయోగాలను చారిత్రక మైలురాయిగా గుర్తించింది.

ఆయన వదిలిన చోటు చాలాకాలం ఖాళీగానే ఉంది. మార్కోనీ 1901లో అట్లాంటిక్ దాటించినది వందల మీటర్ల తరంగం. దానికి గదితో పనిలేదు, సముద్రపు ఒడ్డున ఎత్తయిన స్తంభాలు కావాలి. ప్రపంచం ముప్పై నలభై ఏళ్ళు ఆ దారినే నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడారు వచ్చాక మళ్ళీ సెంటీమీటర్లలోకి దిగక తప్పలేదు. దిగగానే పాత తగవు ఎదురైంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ఇది బోసు గారి తర్వాతి కాలం వారు స్థిరపరచిన లెక్క. యాంటెన్నా అడ్డుకొలతను దానితోనే హెచ్చించి, రెట్టింపు చేసి, తరంగదైర్ఘ్యంతో భాగిస్తే, కనీసం ఎంత దూరం నుంచి కొలవాలో వస్తుంది. 3 సెంటీమీటర్ల తరంగానికి 3 మీటర్ల గిన్నె యాంటెన్నా అయితే 600 మీటర్లు. ఊరి బయట మైదానం కావాలి. అదే 5 మిల్లీమీటర్ల తరంగానికి 2 సెంటీమీటర్ల గరాటు అయితే 16 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. 24 చదరపు అడుగుల్లో బోసు గారి పని ఎలా సాగిందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మైదానాల్లో వాన, గాలి, నేల మీద నుంచి తిరిగివచ్చే తరంగం, పైగా రహస్యం దాగదు. అందుకని మళ్ళీ గదిలోకి వచ్చి, ఈసారి గోడలకే నోరు మూయించారు. యుద్ధకాలంలో శత్రువు రాడారుకు కనబడకుండా జలాంతర్గాములకు పూసిన పూతల వంటి వాటితో ఈ విద్య ముదిరింది. 1950లలో జంతువుల వెంట్రుకలను బొగ్గు పొడి కలిపిన రబ్బరు ద్రావణంలో ముంచి పరుపుల్లా చేసి గోడలకు కొట్టారు. బోసు గారి వెంట్రుకల కుచ్చు నాకు ఇక్కడ మళ్ళీ గుర్తొచ్చింది. తర్వాత బొగ్గు పట్టించిన నురుగు స్పంజితో చేసిన శంకువులు వచ్చాయి. గోడ, కప్పు, నేల అంతా మొనలు తేలిన శంకువులే. తరంగం రెండు మొనల మధ్య దూరి, అటూ ఇటూ తగులుతూ, తగిలిన ప్రతిసారీ కొంత వేడిగా మారి, అడుక్కి చేరేసరికి హరించుకుపోతుంది. దూదేకుల దుకాణంలో నిలబడి పిలిస్తే మాట ఎలా మింగుడు పడిపోతుందో అలా. ఇలాంటి గదిని ప్రతిధ్వని లేని గది అంటారు. చాలని దూరాన్ని పూరించడానికి పెద్ద అద్దంతో కిరణాలను సమాంతరం చేసే పద్ధతి 1960లలో వచ్చింది. దగ్గర నుంచే కొలిచి కంప్యూటరుతో దూరపు లెక్క కట్టే పద్ధతి కూడా స్థిరపడింది.

మన మనవళ్ళ చేతిలోని ఫోన్లు కూడా ఇలాంటి గదుల్లో పరీక్ష అయ్యాకే బజారుకు వస్తాయి. 2022లో మన దేశంలో 5జి కోసం వేలం వేసిన వాటిలో 26 గిగాహెర్ట్జ్ పట్టీ ఉంది. అది సుమారు పదకొండున్నర మిల్లీమీటర్ల తరంగం. స్నానాల గది పక్కన బోసు గారు ఆడుకున్న 25 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్యే ఉంది చూడండి.

మన ప్రాంతంలో ఈ విద్య లేకపోలేదు. హైదరాబాదులో చాంద్రాయణగుట్ట దగ్గర 1960ల మొదట్లో వెలసిన రక్షణ శాఖ వారి డి.ఎల్.ఆర్.ఎల్. ప్రయోగశాలకు యాంటెన్నా నిత్యకృత్యం. 2008లో చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగుళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల గిన్నె యాంటెన్నా నిర్మాణంలో ముఖ్యపాత్ర హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.దే. ఇందాకటి లెక్క దీనికి వేసి చూశాను. మూడున్నర సెంటీమీటర్ల తరంగానికి దాదాపు 58 కిలోమీటర్లు వచ్చింది. ఏ గదీ, ఏ మైదానమూ చాలదు.

మరి ఇంత పెద్దవాటిని ఎలా కొలుస్తారు? దీనికి జవాబు తిరుపతి దగ్గరే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు, కాణిపాకం వెళ్ళే దారిలో గాదంకి అనే ఊరు. అక్కడ వాతావరణపు పై పొరలను చూసే రాడారు 1990ల మొదట్లో పని ప్రారంభించింది. దాని యాంటెన్నా గిన్నె కాదు, ఒక పొలం. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు జాగాలో 1024 చోట్ల యాగీ యాంటెన్నాలు బారులు తీరి ఉంటాయి. మన డాబాల మీద ఉండేవే, కాకపోతే ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. పంపేది 53 మెగాహెర్ట్జ్, అంటే సుమారు 5.66 మీటర్ల తరంగం. లెక్క ప్రకారం దీన్ని కొలవాలంటే నెత్తిమీద నిట్టనిలువుగా ఆరు కిలోమీటర్ల ఎత్తున ఇంకో యాంటెన్నా నిలపాలి.

అక్కడి శాస్త్రజ్ఞులు స్తంభం జోలికి పోలేదు. కన్యారాశిలో వర్గో-ఎ అనే ఒక గెలాక్సీ ఉంది. కంటికి కనపడదు గాని రేడియో తరంగాలను ధారాళంగా వెదజల్లుతుంది. గాదంకి అక్షాంశం ఎలాంటిదంటే, భూమి తిరిగే కొద్దీ రోజుకొకసారి అది దాదాపు నడినెత్తి మీదుగా దాటిపోతుంది. యాంటెన్నాను నిట్టనిలువుగా పెట్టి కూర్చుంటే, ఆ గెలాక్సీ చూపులోకి వస్తున్న కొద్దీ సిగ్నలు గీత పైకి లేచి, దాటిపోతున్న కొద్దీ దిగుతుంది. ఆ గీత వెడల్పే యాంటెన్నా చూపు వెడల్పు. తిరిగే బల్ల అక్కర్లేదు, భూమే తిరుగుతోంది. దూరం చాలదన్న బెంగా లేదు. ఆ తరంగాలు సుమారు అయిదున్నర కోట్ల సంవత్సరాల క్రితం బయలుదేరినవి. 2019లో పేపర్లలో వచ్చిన కృష్ణబిలం బొమ్మ, నారింజ రంగు గారె లాంటిది, ఆ గెలాక్సీ నడిబొడ్డున ఉన్నదే.

ఈసారి కాణిపాకం వెళ్ళేవారు గాదంకి దగ్గర బస్సు కిటికీలోంచి ఒకసారి బయటికి చూడండి.